చేయి నాదే, కాలు సంగతి అడక్కండి

పొద్దున్న లేవగానే అందరూ అరచేతులు చూసుకుని కళ్లకద్దుకుంటారు. మల్కాపురం రామలక్ష్మమ్మ మాత్రం కుడిచేతిని తిరగేసి, మణికట్టు పైనున్న పచ్చబొట్టు చూసుకునేది. కొండి పైకెత్తిన తేలు బొమ్మ అది. పెళ్లికి ముందు తగరపువలస సంతలో, నొప్పికి ఏడవనని చెల్లెలితో పందెం కాసి పొడిపించుకున్నది. దాన్ని ఎడమచేతి బొటనవేలితో ఒకసారి రుద్ది, "ఉన్నావు కదే" అని పలకరించి, అప్పుడు సింహాచలం కొండ వైపు తిరిగి దండం పెట్టేది. కళ్లాపి, ముగ్గు, పొయ్యి, అన్నీ ఆ తర్వాతే.

ఆ ఇంట్లో పక్క వాటాలో అద్దెకున్న నేను, ఆమెకు ఈ అలవాటు మొదలైన కొత్తలో, కొండ మీది అప్పన్నస్వామి కంటే ముందు తేలుకి మర్యాద ఏమిటా అని మనసులో కాస్త నొచ్చుకున్నాను. ఆమె భర్త జగ్గారావు పోర్టులో కలాసీ. ఒకరోజు ఉండబట్టలేక ఆయన్నే అడిగాను.

"అది మామూలు సెయ్యి కాదు బాబూ," అన్నాడు బీడీ వెలిగించుకుంటూ. "దేశదేశాల పేపర్లలో పడ్డ సెయ్యి. సెయ్యి పడ్డాది గాని తేలు పడనేదు. అప్పట్నుంచి రోజూ లేసి, తేలు ఉన్నాదో పోనాదో సూసుకుంటాది."

పేపర్లో పడినా పడకపోయినా ఆ చేయి ఊరుకునే చేయి కాదు. కుళాయి దగ్గర ముసలివాళ్ల బిందెను ఎవరూ చూడకుండా ముందుకు జరిపే చేయి అది. వాన చినుకు పడితే వీధిలో అందరి తీగల మీద బట్టలూ లాగి తన వసారాలో పడేసేది. వాన వెలిశాక ఎవరి చీర ఎవరిదో తేలక ఒక పూట తగువు జరిగేది. ఆ తగువు తీర్చేదీ ఆమే. నేను రాత్రి డ్యూటీ నుంచి వచ్చేసరికి నా గడప మీద మూత పెట్టిన గిన్నె ఉండేది. "ఇదేమిటి పిన్నీ" అంటే "పిల్లికి పెట్టినాను, నువ్వు తినీసినావేటి?" అనేది.

ఇక ఫోటో సంగతి. 1971 డిసెంబరులో యుద్ధం మొదలైంది. ఒక రాత్రి సముద్రం వైపు నుంచి పెద్ద చప్పుడు వచ్చి మల్కాపురంలో తలుపులు వాటంతటవే కొట్టుకున్నాయట. కూతవేటు దూరంలో నూనె ట్యాంకులు. వాటి మీద బాంబు పడితే వీధి వీధంతా అప్పడంలా వేగిపోతుందని ఎవరో అన్నారు. తెల్లారేసరికి సగం జనం మూటలు కట్టుకుని బస్టాండులో ఉన్నారు. విమానాలకు కనబడకుండా బస్సు దీపాలకు సగం దాకా నల్లరంగు. బస్సు చుట్టూ జనం.

మన వైపు బస్సులో సీటు పట్టాలంటే ముందు తువ్వాలు ఎక్కాలి కదా. జగ్గారావు తన ఎర్ర తువ్వాలు కిటికీలోంచి సీటు మీదికి విసిరాడు. విసిరాడే గాని, అది సీటు మీద పడిందో, ఇంకెవరి ఒళ్లో పడిందో, ఎవరైనా తీసి పారేశారో రామలక్ష్మమ్మకు కనబడలేదు. ఆమె పొట్టి మనిషి. ముందు చిలకమ్మ నిలబడి ఉంది. చిలకమ్మది ఎదురిల్లు, వయసులో చిన్నది, వరసకి ఏమీ కాకపోయినా రామలక్ష్మమ్మను "అప్పా" అని పిలిచేది. రామలక్ష్మమ్మ చిలకమ్మ భుజం మీద చేయి ఊతంగా వేసి, ఎగిరినట్టు పైకి లేచి, మెడ సాచి కిటికీలోకి చూసింది. చూపు కిటికీ మీదే ఉంచి దిగేటప్పుడు, ఆమె మడమ పక్కగా ముందుకు పడి చిలకమ్మ బొటనవేలి మీద దిగింది. ముందురోజే దీపాలు ఆర్పిన ఇంట్లో గడపకు కొట్టుకుని వాచి ఉన్న వేలు.

చిలకమ్మ నోరు తెరిచింది.

సరిగ్గా అప్పుడే ఒక విదేశీ దొర అక్కడ ఉన్నాడు. యుద్ధం ఫోటోల కోసం వచ్చాడు పాపం. హార్బరు వైపు కెమెరా పట్టుకుని పోనివ్వలేదు. తీయడానికేమీ దొరక్క బస్టాండులో నిలబడి ఉన్నాడు. చిలకమ్మ నోరు చూశాడు, మీట నొక్కాడు.

తువ్వాలు సీటు మీదే ఉంది. రామలక్ష్మమ్మ ఆ సీట్లో చిలకమ్మను కూర్చోబెట్టింది. తన పాత చీర కొంగు చింపి వేలికి కట్టింది. తగరపువలస దాకా తాను నిలబడే వెళ్లింది. ఓదార్పు అంటూ ఏదైనా జరిగితే అది బస్సులో జరిగింది. అప్పటికి దొర కెమెరా మూసుకుని వెళ్లిపోయాడు.

"ఎవులప్పా నన్ను తొక్కింది?" అని చిలకమ్మ బస్సులో అడిగిందట.

"జనం," అంది రామలక్ష్మమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ.

కొన్నాళ్లకు చిలకమ్మ గోరు ఊడింది. మళ్లీ వచ్చిన గోరు వంకరగా వచ్చింది. ఆ గోరు చూసినప్పుడల్లా ఆమె "జనం" అని ఒక నవ్వు నవ్వేది.

ఆ ఫోటో ప్రపంచం తిరిగి తిరిగి చివరికి జీలకర్ర పొట్లమై ఇంటికొచ్చింది. ఓడల మీంచి దిగిన ఇంగ్లీషు పత్రికలు తూకానికి అమ్ముడై పూర్ణా మార్కెట్లో పొట్లాలయ్యేవి. నేను వాటాలో దిగిన ఏడాదే అది. రామలక్ష్మమ్మ పొట్లం విప్పి జీలకర్ర డబ్బాలో పోసుకుంటూ ఒక్క కేక పెట్టింది.

"ఓలె సిలకా, బేగి రాయే. నీ నోట్లో జీలకర్ర ఉన్నాదే."

చిలకమ్మ చేతిలో చీపురుతోనే వచ్చింది. కాగితం చూసి చీపురు వదిలేసింది. "ఓలమ్మ, ఇది నానేటి? నాను ఇంత నోరు తెరుస్తానేటప్పా?"

"రోజూ తెరుస్తావు," అన్నాడు జగ్గారావు వసారాలోంచి. "దొర ఒక్కనాడే సూసినాడు."

"ఈ బుజం మీద సెయ్యి నాదేనే," అంది రామలక్ష్మమ్మ. ఆమె గొంతులో పండగ వినబడింది.

చిలకమ్మ కాగితాన్ని వెలుతురుకు పట్టింది. "నీదైతే తేలేదీ?"

తేలు లేదు. చేయి ఉంది, వేళ్లున్నాయి, గాజులున్నాయి. తేలు ఉండాల్సిన చోట తెల్లగా, నున్నగా, గుడిమెట్టులా ఉంది. రామలక్ష్మమ్మ తడిగుడ్డతో తుడిచి చూసింది. జీలకర్ర దుమ్ము పోయింది గాని తేలు రాలేదు. కాగితం అంచు చిరగడం చూసి భయపడి, దాన్ని కొంగులో పెట్టుకుని భీమశంకరరావుగారి ఫోటో స్టూడియోకి వెళ్లింది. తోడు నేనూ వెళ్లాను.

భీమశంకరరావుగారిది గోదావరి జిల్లా. పోర్టులో తమ్ముడి ఉద్యోగం వెంట వచ్చి మా వీధి మొగలో స్టూడియో పెట్టాడు. ఇంగ్లీషు వచ్చు, కుంచె పని ఇంకా బాగా వచ్చు.

"ఇది రీటచింగండి పిన్నిగారూ," అన్నాడాయన భూతద్దం పెట్టి చూసి. "చేతి మీద నల్లగా ఏదో ఉంటే చూసేవాడి కన్ను మొహం మీంచి జారి దాని మీద పడిపోద్దండి. అందుకని సన్న కుంచెతో తుడిచేశారు. పెళ్లిచూపుల ఫోటోల్లో నేను మశూచి మచ్చలు తీసెయ్యట్లేదాండి? అదే."

"మరి బస్సేది బాబూ? కిందకి మా ఒళ్లేదీ?"

"కోసేశారండి. బస్సు కనబడితే ఈవిడ ఊరెళ్తోంది అనుకుంటారు. బస్సు లేకపోతే లోకమే మునిగిపోయింది అనుకుంటారు. ఫోటోకి పేరు రావాలంటే అందులో ఎంత తక్కువుంటే అంత మంచిదండి. ఊరు ఉండకూడదు, పేరు ఉండకూడదు. అప్పుడు ఎవడి దుఃఖం వాడు అందులో పెట్టుకుంటాడు."

"అయితే కాళ్లు నేవన్నమాట," అంది రామలక్ష్మమ్మ.

"లేవండి."

"పోనీలే. మంచి పని సేసినారు," అని ఆమె స్థిమితంగా ఊపిరి పీల్చుకుంది. ఎందుకో ఆ రోజు నాకు అర్థం కాలేదు.

ఫోటో కింద ఉన్న వాక్యాన్ని భీమశంకరరావుగారు తెలుగులో చదివి చెప్పాడు: యుద్ధంలో భర్తను పోగొట్టుకున్న స్త్రీ, ఆమెను ఓదారుస్తున్న అజ్ఞాత హస్తం. ఆ స్త్రీ భర్త శ్రీరామ్మూర్తి ఫోటో తీసినప్పుడు నాలుగడుగుల అవతల గోలీసోడా తాగుతున్నాడు. ఈ వాక్యం పోర్టులో తెలిశాక ఆయన బతుకు చెడింది. డ్యూటీలో కనబడిన ప్రతివాడూ "ఏటి బావా, సొర్గంలో సెలవు దొరికిందేటి?" అనేవాడు.

రామలక్ష్మమ్మకు పట్టింది మాత్రం ఆ అజ్ఞాత అన్న మాట.

"అంటే ఏటి బాబూ?"

"ఎవరిదో తెలీని చేయి అని అర్థమండి."

"తెలీకపోడమేటి? నాను ఇక్కడే ఉన్నాను కదా. అడిగితే సెప్తాను కదా." ఆమె నిజంగానే నొచ్చుకుంది. తన పేరు పేపర్లో పడాలనే కోరిక ఆమెకు ఎప్పుడూ లేదు. చేయి తనదైనప్పుడు తనది కాదంటే మాత్రం, ఎవరో ఇంట్లో వస్తువు ఎత్తుకుపోయినట్టు బాధపడింది. ఆ రోజు నుంచి ఒకటే పట్టుదల. ఆ చేయి తనదని వీధిలో వాళ్లయినా ఒప్పుకోవాలి.

వీధి ఒప్పుకోలేదు. తేలు లేని చేయి ఎవరిదైనా కావచ్చు అన్నారు. సాక్ష్యం చెప్పగలిగిన మనిషి ఒక్క చిలకమ్మే. కుళాయి దగ్గర అందరి ముందూ రామలక్ష్మమ్మ ఆమెను అడగడం నేను చాలాసార్లు విన్నాను.

"సెప్పవే సిలకా. నీ బుజమ్మీద ఉన్నాది ఎవులి సెయ్యి?"

"ఎనకనుండి ఏసింది కదప్పా. నాకేటి తెలుస్తాది?" చిలకమ్మ బిందె తోముతూ అనేది. "కాలు ఎవుల్దో తెలిస్తే సెయ్యి ఎవుల్దో సెప్పీవచ్చు. ఆ కాలు జనానిది అన్నావు కదా. సెయ్యి కూడా జనానిదేనేమో మరి."

 రామలక్ష్మమ్మ నీళ్లు నిండకుండానే బిందె ఎత్తుకుని వచ్చేసేది.

ఇలా వీళ్లిద్దరూ తగువులాడుకుంటుండగా ఫోటో తన దారిన తాను పెద్దదైపోయింది. ఒక పరాయి ఓడలో వంటవాడు దాన్ని తన తల్లి ఫోటో పక్కన అంటించుకున్నాడట. సరుకు దించడానికి వెళ్లిన జగ్గారావు చూసి, ఆ చేయి మా ఆవిడదేనని సైగలు చేసి చెప్పాడు. ఇతగాడి పెళ్లాం చచ్చిపోయింది కాబోలనుకున్న వంటవాడు కళ్లనీళ్లు పెట్టుకుని బిస్కెట్ల డబ్బా ఒకటి చేతిలో పెట్టాడు. ఆ బిస్కెట్లు వీధంతా తిన్నాం. చాలా బాగున్నాయి. తర్వాత అదే ఫోటో ఎక్కడో ఇంకో దేశంలో ఇంకో యుద్ధానికి వాడారు. భీమశంకరరావుగారు ఆ పేజీలు సంపాదించి చదివి వినిపించేవాడు. మొదట చిలకమ్మకు మొగుడు పోయాడు, తర్వాత కొడుకు పోయాడు, ఆ తర్వాత ఇల్లు కూలింది.

"ఇంకా నాకేటి మిగిల్చినారో సూడండి బాబూ," అనేది చిలకమ్మ. "ఒక మేకున్నాది. దాని జోలికి రావద్దని సెప్పండి."

నవ్వుకునేవాళ్లం గాని, పొద్దున్న పూజ చేసుకునేటప్పుడు నాకు ఆ వంటవాడు గుర్తుకొచ్చేవాడు. ఎవరో తెలియని ఆడమనిషి పక్కన తల్లిని నిలబెట్టుకున్నాడు. తల్లికి పెట్టే దండమే ఆమెకూ పెట్టి ఉంటాడు, అది వృథాగా పోతుందా? బొటనవేలి నొప్పికైనా దేవుడి దగ్గర లెక్క ఉండదా అనుకునేవాణ్ణి.

యుద్ధం జరిగి పదేళ్లవుతోందనగా కబురొచ్చింది. ఆ దొర మళ్లీ వస్తున్నాడు. ఫోటోలో ఉన్నవాళ్లను వెతికి, కలిపి మళ్లీ ఫోటో తీస్తాడట. మహిళా మండలి అధ్యక్షురాలు మంగాయమ్మగారు బడి వరండాలో కుర్చీలు వేయించింది. మంగాయమ్మగారు పెద్ద మనసున్న మనిషి. ఎవరింట్లో కష్టం వచ్చినా మొదట వెళ్లేది, మొదట వెళ్లానని చెప్పేది కూడా. "ఆ రోజుల్లో ఎవరెవరి భుజాల మీద చేయి వేశానో నాకే గుర్తులేదు," అని ఒక సభలో అంది. రెండో సభకి అది "ఆ చేయి నాదేనేమో" అయింది. దొర వచ్చే వారానికి ఆ "ఏమో" కూడా రాలిపోయింది.

"ఆవిడ యుద్ధానికి ముందురోజే పుట్టింటికి పోనాది కదా," అన్నాడు జగ్గారావు. "ఇక్కడ సెయ్యి ఇడిసిపెట్టి పోనాదేటి?"

రామలక్ష్మమ్మ నవ్వలేదు. రెండు రోజులు సరిగ్గా తినలేదు. చేయి తనదని తేలితే ఆషాఢ పున్నమికి సింహాచలం కొండ చుట్టూ నడుస్తానని అప్పన్నకు మొక్కుకుంది.

"నడుస్తావు సరే. ఏ కాలితోటి?" అన్నాడు జగ్గారావు. ఆమె చెంబు విసిరింది.

అప్పుడే నాకు అసలు సంగతి ఆమె నోటనే తెలిసింది. తువ్వాలూ, మడమా, వేలూ, అంతా చెప్పింది. "ఒప్పేసుకోకూడదా పిన్నీ?" అన్నాను.

"పదేళ్లు కాదన్నాక ఇప్పుడెలాగ ఔనంటాను బాబూ? అందరూ ఏటనుకుంటారు? ఓదార్సింది అనుకున్నాం, తొక్కిందా అనుకోరా? ఆ సెయ్యి మంచిదేనని ఆ దేశాలోళ్లు అనుకుంటన్నారు. కాలు సంగతి తెలిస్తే సెయ్యి కూడా పోతాది."

దొర వచ్చాడు. జుట్టు ఊడిపోయింది, మొహం మెత్తగా ఉంది. వరండాలో చిలకమ్మను చూసి చేతులు జోడించాడు. సంచిలోంచి పెద్ద కవరు తీసి భీమశంకరరావుగారి చేతిలో పెట్టాడు. ఎవరూ కోయని, ఎవరూ తుడవని, మొత్తం ఫోటో అట.

భీమశంకరరావుగారు కవరు తెరిచి చూసి, వెంటనే మూసి, రామలక్ష్మమ్మను స్తంభం చాటుకు పిలిచాడు. పక్కనే ఉన్న నాకూ వినబడింది.

"పిన్నిగారూ, చేయి మీదేనండి. తేలు నిక్షేపంలా ఉంది. కాపోతే కింద మీ కాలు కూడా ఉందండి. ఎక్కడుందో మీకు తెలుసు కదా?" ఆయన గొంతు తగ్గించాడు. "కింద సగం అట్టముక్క పెట్టి మూసి చూపిస్తాను. పేపరువాళ్లు కోసిందే నేనూ కోస్తే తప్పేంటండి? మీ చేయి మీకు దక్కుద్ది, ఎవరికీ తెలీదు."

మంచి మనిషి, మంచి మనసుతోనే అన్నాడు. రామలక్ష్మమ్మ ముందు ఫోటో చూపించమంది. చాలాసేపు చూసింది. తేలుంది. కిటికీలో తువ్వాలుంది. చిలకమ్మ వేలి మీద తన మడమ ఉంది. అన్నిటికంటే పైన, ఆమె ఎన్నడూ చూడని తన మొహం ఉంది. మెడ సాచి, కళ్లు పెద్దవి చేసి, గింజ చూసిన కోడిలా బస్సులోకి చూస్తోంది. పక్కన మనిషి ప్రాణం పోయేలా అరుస్తోందన్న ధ్యాసే ఆ మొహంలో లేదు.

"మూయొద్దు బాబూ," అంది.

ఫోటో బల్ల మీద పెట్టారు. అందరూ వంగి చూశారు. అందరికంటే ముందు వంగినది మంగాయమ్మగారు. చూసి, నిటారుగా నిలబడి, "చేయి సంగతి ఎలా ఉన్నా, ఆ కాలు మాత్రం నాది కాదు," అంది.

"నాదమ్మా," అంది రామలక్ష్మమ్మ. "జనం తొక్కనేదు. నాను తొక్కీసినాను. తువ్వాలు సూడ్డానికి ఎగిరినాను. పదేళ్లయి అబద్దమాడతన్నాను." అప్పుడు గుర్తొచ్చినట్టు, మెల్లగా, "ఆ సెయ్యి కూడా నాదే," అంది.

వరండా అంతా చిలకమ్మ వైపు తిరిగింది. చిలకమ్మ చీర కుచ్చెళ్లు కాస్త ఎత్తి తన వంకర గోరు చూసుకుంది.

"ఇప్పటికి తీసినావేటప్పా కాలు?" అంది.

ముందు శ్రీరామ్మూర్తి నవ్వాడు. తర్వాత నవ్వనివాళ్లు లేరు, దొర తప్ప. ఆయనకు భీమశంకరరావుగారు ఇంగ్లీషులో చెప్పడానికి కొంత టైము పట్టింది. విన్నాక ఆయన కుర్చీలో కూలబడి, టోపీతో మొహం కప్పుకుని నవ్వాడో ఏడ్చాడో మాకు తెలియలేదు.

"సెయ్యి అప్పదే," అని చిలకమ్మ అందరికీ వినబడేలా చెప్పింది. "ఆనాడు సీటిచ్చింది కూడా ఈ అప్పే. దారంతా నిలబడ్డాది. అది ఎవుల్నైనా ఫోటో తీయమనండి సూద్దాం."

చివరికి దొర కెమెరా తీశాడు. ఇద్దరినీ అప్పటిలాగే నిలబెట్టాడు. ముందు చిలకమ్మ, వెనక రామలక్ష్మమ్మ, భుజం మీద తేలు చేయి. చిలకమ్మను అప్పటిలా మొహం పెట్టమన్నాడు. ఆమె మొహం బిగించేది, అంతలోనే ఫక్కున నవ్వేది. ఎన్నిసార్లు ప్రయత్నించినా అంతే. ఉల్లిపాయ తెమ్మని ఎవరో, ఆమె మేక పోయిందని చెప్పమని ఎవరో సలహా ఇచ్చారు. దొర దిగాలుగా నిలబడ్డాడు.

రామలక్ష్మమ్మ ఆయన వంక జాలిగా చూసింది. చిలకమ్మ భుజం మీంచి చేయి తీసి, ముందుకొచ్చి, ఆమెకు వీపు చేసి నిలబడి, కుడికాలి చెప్పు విప్పి పక్కన పెట్టింది.

"ఓలె సిలకా, నాకో సాయం సేసిపెట్టవే. ఈపాలి నువ్వెనక నిలబడు. నా బుజమ్మీద సెయ్యేసి, ఇదిగో ఈ ఏలు మీద గట్టిగా తొక్కు. మొగమాటపడకు."